ఒకే జబ్బు చూసే ఆసుపత్రులు నిజంగా మెరుగైనవేనా?

ఒకే జబ్బు చూసే ఆసుపత్రికి వెళ్ళాలా, అన్నీ చూసే పెద్దాసుపత్రికి వెళ్ళాలా అని తెలిసినవాళ్ళు తరచూ అడుగుతుంటారు. నేను ఆసుపత్రి క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. కేస్ షీట్లు చదవడం, ఎవరికి ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకొచ్చింది అని వెతకడం, నెల తిరిగేసరికి ఇన్‌ఫెక్షన్లు ఎన్ని, డిశ్చార్జి అయ్యాక మళ్ళీ అడ్మిట్ అయినవాళ్ళు ఎందరు, చనిపోయినవాళ్ళు ఎందరు అని లెక్క కట్టడం నా ఉద్యోగం. అందుకే నన్ను అడుగుతారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక జబ్బు మీద బాగా చెయ్యి తిరిగిన బృందం దొరికితే అంతకంటే కావలసింది లేదు. కానీ ఆ బృందం ఉన్న ఆసుపత్రి కూడా ఆ ఒక్క జబ్బుకే పరిమితమైపోయి, అది తప్ప రోగికి ఇంకేం జరిగినా మాకు సంబంధం లేదు అనే పద్ధతిలో నడుస్తుంటే మాత్రం, అక్కడ గోడ మీద కనిపించే మంచి అంకెల్లో చాలా భాగం వైద్యం వల్ల వచ్చినవి కావు. ఎవర్ని లోపలికి రానిచ్చారు, ఎవర్ని గుమ్మంలోంచే పంపేశారు అన్నదాన్ని బట్టి వచ్చినవి. ఖర్చు సంగతి కూడా చాలావరకు ఇదే. పని ఒకదాని మీదే పెట్టడం వేరు, బాధ్యత ఒకదానికే కుదించుకోవడం వేరు. ఈ రెండిట్నీ కలిపేసి మాట్లాడుతున్నాం కాబట్టే ఈ చర్చ ఇన్నేళ్ళయినా తెగడం లేదు.

ముందు మంచి వైపు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అది నిజంగా బలమైన వాదన. 1979లో హెరాల్డ్ లుఫ్ట్, జాన్ బంకర్, అలెన్ ఎంథోవెన్ అనే ముగ్గురు అమెరికాలోని 1,498 ఆసుపత్రుల్లో జరిగిన 12 రకాల ఆపరేషన్లను పోల్చి చూశారు. గుండె తెరిచి చేసే ఆపరేషన్, బైపాస్, రక్తనాళాల ఆపరేషన్ వంటివి ఏడాదికి 200, అంతకు పైన చేసే ఆసుపత్రుల్లో, రోగుల పరిస్థితిలో ఉన్న తేడాని సర్దిచూసినా సరే, మరణాలు 25 నుంచి 41 శాతం తక్కువగా ఉన్నాయి. తుంటి కీలు మార్పిడికి అంత సంఖ్య అక్కర్లేదు, 50 నుంచి 100 దగ్గరే లాభం ఆగిపోయింది. పిత్తాశయం తీసేసే ఆపరేషన్‌కైతే సంఖ్యతో సంబంధమే కనిపించలేదు. ఈ చివరి రెండు ముక్కలు జనం మర్చిపోతారు గానీ నాకు అవే ముఖ్యం. ఎక్కువ చేస్తే మెరుగవుతుంది అన్నది అన్ని పనులకీ ఒకే మోతాదులో వర్తించదని మొదటి అధ్యయనంలోనే తేలిపోయింది.

2002లో జాన్ బిర్క్‌మేయర్, ఆయన సహచరులు 14 రకాల ఆపరేషన్లు, 25 లక్షల కేసులు తీసుకుని ఇదే ప్రశ్న ఇంకా గట్టిగా అడిగారు. క్లోమం కేన్సర్‌కి చేసే ఆపరేషన్‌లో, అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, బాగా ఎక్కువగా చేసే చోట 3.8 శాతం. నూటికి పన్నెండు ప్రాణాల తేడా. ఏ కొత్త మందు కనిపెడితే ఇంత తేడా వస్తుంది చెప్పండి? అదే వ్యాసంలో, మెదడుకి రక్తం తీసుకెళ్ళే మెడ నాళాన్ని శుభ్రం చేసే ఆపరేషన్‌లో తేడా 1.7కి 1.5 మాత్రమే. అంటే కష్టమైనదీ, అరుదైనదీ, ఆపరేషన్ తర్వాత చాలారోజులు కనిపెట్టుకుని ఉండాల్సినదీ అయితే అనుభవం ఉన్న చోటికి ఎంత దూరమైనా వెళ్ళాలి. మామూలుదైతే దగ్గర్లో ఉన్న మంచి ఆసుపత్రి చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్కువ చేయడం వల్ల మంచివాళ్ళయ్యారా, మంచివాళ్ళు కాబట్టి ఎక్కువమంది వాళ్ళ దగ్గరికి వెళ్తున్నారా? రెండూ ఉంటాయి. ఈ ప్రశ్నని లుఫ్ట్ గారే తర్వాత తన పరిశోధనలో తీసుకున్నారు, రెండు కారణాలకీ ఆధారాలు కనిపించాయి. రోగి దృష్టిలో ఈ తేడా అంత ముఖ్యం కాదు, ఎలా వచ్చినా మంచి చోటు మంచి చోటే. కానీ ప్రభుత్వాలకీ, ఆసుపత్రి పెట్టేవాళ్ళకీ చాలా ముఖ్యం, ఎందుకంటే చెయ్యి తిరగని బృందానికి కేసులు ఎక్కువ అప్పజెప్పినంత మాత్రాన అది రాత్రికి రాత్రే మెరుగవదు.

ఇంకా లోతుకి వెళ్తే అసలు విషయం బయటపడుతుంది. అనుభవం ఎక్కడుంటుంది? సర్జన్ చేతిలోనే అని మనం అనుకుంటాం. రాబర్ట్ హక్‌మన్, గ్యారీ పిసానో అనే ఇద్దరు పెన్సిల్వేనియాలో ఒకటికి మించిన ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేసే గుండె సర్జన్ల ఫలితాలు చూసి 2006లో ప్రచురించారు. ఒక ఆసుపత్రిలో ఎక్కువ కేసులు చేస్తే ఆ ఆసుపత్రిలోనే ఆయన ఫలితాలు మెరుగయ్యాయి. అదే సర్జన్, అదే కాలంలో, ఇంకో ఆసుపత్రికి వెళ్ళి చేసినప్పుడు ఆ లాభం ఆయన వెంట వెళ్ళలేదు. చెయ్యి అదే, చదువు అదే. మారింది పక్కన నిలబడే నర్సు, మత్తు డాక్టరు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె బదులు రక్తం తోసే పంపు నడిపే టెక్నీషియన్, రాత్రి ఐసీయూలో ఉండే జూనియర్. పేరున్న డాక్టరు నాలుగు ఆసుపత్రుల్లో విజిటింగ్ అని బోర్డు చూసినప్పుడల్లా నాకు ఈ అధ్యయనమే గుర్తొస్తుంది. ఆయన ఎక్కువ కాలం ఎక్కడ గడుపుతారో, ఏ బృందంతో గడుపుతారో అడగండి, అక్కడే చేయించుకోండి అని చెబుతాను.

రెండోది ఇంకా గట్టిది. అమీర్ గఫేరి, బిర్క్‌మేయర్, జస్టిన్ డిమిక్ 2009లో మరణాలు బాగా తక్కువ ఉన్న ఆసుపత్రుల్నీ, బాగా ఎక్కువ ఉన్నవాటినీ పోల్చారు. ఎవరైనా ఏమనుకుంటారు? మంచి ఆసుపత్రుల్లో ఆపరేషన్ తర్వాత సమస్యలు తక్కువ రావాలి కదా. రాలేదు. సమస్యలు రెండు చోట్లా దాదాపు ఒకేలా వచ్చాయి. తేడా అంతా ఆ తర్వాతే. తీవ్రమైన సమస్య వచ్చినవాళ్ళలో చనిపోయినవాళ్ళు ఒక చోట 12.5 శాతం, ఇంకో చోట 21.4 శాతం. అంటే మంచి ఆసుపత్రి అంటే ఏదీ బెడిసికొట్టని చోటు కాదు, బెడిసికొట్టినప్పుడు వెంటనే కనిపెట్టి రోగిని కాపాడుకోగలిగిన చోటు.

ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నా వాదన మొత్తం అందులోనే ఉంది. ఆపరేషన్ బాగా చేయడానికి ఒకే పని పదేపదే కలిసి చేసిన బృందం కావాలి. అది స్పెషలైజేషన్. ఆపరేషన్ తర్వాత రోగి ప్రాణం నిలబెట్టడానికి ఐసీయూ, రక్తనిధి, అర్ధరాత్రి స్కాన్ తీసి చదివేవాళ్ళు, కిడ్నీ డాక్టరు, గుండె డాక్టరు, జ్వరం ఎందుకొచ్చిందో తేల్చే ల్యాబు, మంచం పక్కన తగినంతమంది నర్సులు కావాలి. అది విస్తృతి. మొదటిది పెంచడానికి రెండోదాన్ని నరికేస్తే, బ్రోషర్‌లో వేసే మొదటి సగం బాగుంటుంది, ప్రాణాలు నిలిచే రెండో సగం ఖాళీ.

ఒకే పని చేసే ఆసుపత్రి అనగానే అందరూ చెప్పే పేరు కెనడాలో టొరంటో పక్కన ఉన్న షౌల్డైస్ ఆసుపత్రి. 1945లో ఎడ్వర్డ్ ఎర్ల్ షౌల్డైస్ అనే సర్జన్ మొదలుపెట్టారు. హెర్నియా తప్ప ఇంకేం చేయరు. చాలావరకు ఆ భాగానికే మత్తు ఇస్తారు, ఆపరేషన్ అయిన రోజే రోగిని లేపి నడిపిస్తారు, భోజనాల గదికి నడిచి రమ్మంటారు. ఆంటారియో రాష్ట్రం మొత్తం లెక్కలతో 2016లో వచ్చిన అధ్యయనంలో, హెర్నియా తిరగబెట్టి మళ్ళీ ఆపరేషన్ చేయించుకోవాల్సి రావడం షౌల్డైస్‌లో 1.15 శాతం, మిగతా ఆసుపత్రుల్లో 5 శాతం అటూఇటూ. ఆ మిగతావాటిలో కూడా, ఎక్కువ కేసులు చేసే సాధారణ ఆసుపత్రికీ తక్కువ చేసేదానికీ పెద్ద తేడా లేదు, 4.79కి 5.21. అంటే సంఖ్య ఒక్కటే కాదు, ఒకే పద్ధతిని అందరు సర్జన్లూ ఒకేలా చేయడంలో ఏదో ఉంది. ఇది నేను కాదనను, కాదనలేను.

అయితే షౌల్డైస్ వాళ్ళు బరువు ఎక్కువున్నవాళ్ళని తగ్గించుకుని రమ్మంటారు. తీవ్రమైన ఇతర జబ్బులున్నవాళ్ళని తీసుకోరు. వాళ్ళు దాన్ని దాచిపెట్టరు, అది వైద్యపరంగా తప్పు కూడా కాదు. కానీ అలా వడకట్టిన రోగుల ఫలితాన్నీ, అర్ధరాత్రి పేగు ఇరుక్కుని వాంతులతో వచ్చిన డెబ్భై ఏళ్ళ మనిషికి చేసిన సాధారణ ఆసుపత్రి ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి మేమెంత గొప్పో అంటే న్యాయం కాదు. వయసు, ఆడా మగా, నమోదైన జబ్బులు అన్నీ సర్దిచూశాం అంటారు పరిశోధకులు. కేస్ షీట్లు చదివే మనిషిగా నేను చెప్పేదేమిటంటే, రోగి ఎంత నీరసంగా ఉన్నాడో, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారో లేదో, చెప్పిన మందులు వేసుకోగలడో లేదో, ఇవేవీ ఆ లెక్కల్లోకి ఎక్కవు. అడ్మిట్ చేసుకోవాలా వద్దా అని డాక్టరు గుమ్మం దగ్గర తేల్చుకునేది మాత్రం వీటిని చూసే.

ఈ వడపోత ఎంత పెద్ద విషయమో అమెరికాలో గుండె ఆసుపత్రుల కథ చూస్తే తెలుస్తుంది. తొంభైల చివర్లో, 2000 తర్వాత మొదటి ఏళ్ళలో అక్కడ డాక్టర్లే వాటాదారులుగా గుండెకీ, ఎముకలకీ, సర్జరీకీ ప్రత్యేక ఆసుపత్రులు పుట్టుకొచ్చాయి. నాణ్యత పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది అన్నారు. 2005లో పీటర్ క్రామ్, ఆయన సహచరులు గుండె ప్రత్యేక ఆసుపత్రుల్ని సాధారణ ఆసుపత్రులతో పోల్చారు. పైపైన చూస్తే ప్రత్యేక ఆసుపత్రుల్లో మరణాలు తక్కువే. కానీ అక్కడికి వచ్చే రోగులకి ఇతర జబ్బులు తక్కువ, కేసుల సంఖ్య ఎక్కువ. ఈ రెండిట్నీ లెక్కలోకి తీసుకున్నాక తేడా నిలబడలేదు. అంటే అంతే కేసులు చేసే సాధారణ ఆసుపత్రి కూడా అంతే బాగా చేస్తోంది. ప్రత్యేకమైన బిల్డింగు వల్ల అదనంగా కలిసొచ్చింది ఏమీ లేదు.

ఖర్చు? అమెరికా ప్రభుత్వ వృద్ధుల బీమా పథకం మెడికేర్‌కి సలహాలిచ్చే సంఘం, మెడ్‌పాక్, అదే ఏడాది నివేదిక ఇచ్చింది. ఈ ఆసుపత్రుల్లో రోగులు తక్కువ రోజులు ఉంటున్నారు, అయినా ఒక్కో రోగికి అయ్యే ఖర్చు పక్కనున్న సాధారణ ఆసుపత్రుల కంటే తక్కువేం లేదు. జబ్బు తీవ్రత తక్కువున్నవాళ్ళనీ, ఎక్కువ లాభం వచ్చే కేసుల్నీ చూస్తున్నారు, పేదల బీమా మెడికెయిడ్ రోగులు తక్కువ. ఇదెలా సాధ్యమంటే, ఫలానా ఆపరేషన్‌కి ఇంత అని బీమా ఒక ప్యాకేజీ కడుతుంది. ఆ రోగికి షుగరూ కిడ్నీ జబ్బూ ఉండి పది రోజులు పడినా, ఏ జబ్బూ లేక మూడో రోజే ఇంటికెళ్ళినా దాదాపు అదే డబ్బు. ఇంక తేలికైన రోగుల్ని ఏరుకుంటే చాలు, వైద్యం ఒక్క పిసరు మెరుగుపరచకుండానే లాభాలు వస్తాయి. 2008 ఆర్థిక సంవత్సరం నుంచి మెడికేర్ తీవ్రతని బట్టి ప్యాకేజీలు మార్చడానికి ఒక కారణం ఇదే. ఆపరేషన్ పేరుని బట్టి ఒకే రేటు కట్టే ఏ ఆరోగ్య పథకమైనా, ఏ దేశంలోనైనా, తెలియకుండా ఈ ఏరివేతకి డబ్బులిస్తున్నట్టే.

ఖర్చు గురించి ఇంకో మాట ఉంది, అది ఒక్కో రోగి బిల్లులో కనిపించదు. బ్రహ్మాజీ నల్లమోతు, ఆయన సహచరులు 2007లో చూపించింది ఏమిటంటే, ఒక ప్రాంతంలో గుండె ప్రత్యేక ఆసుపత్రి తెరిచాక ఆ ప్రాంతం మొత్తం మీద స్టెంట్లూ బైపాస్‌లూ కలిపి చూస్తే, మిగతా ప్రాంతాల కంటే ఎక్కువగా పెరిగాయి. జనానికి గుండెజబ్బులు ఒక్కసారిగా పెరగవు కదా. స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబు కట్టాక దాన్ని ఖాళీగా ఉంచరు. ఒక్కో స్టెంటు పది శాతం చౌకగా వేసినా, అవసరం లేనివాళ్ళకి కూడా వేస్తే సమాజానికి మిగిలింది ఏముంది?

ఇక భద్రత. 2007లో టెక్సాస్‌లోని అబిలీన్‌లో డాక్టర్ల సొంత ప్రత్యేక ఆసుపత్రిలో వెన్నెముక ఆపరేషన్ అయిన ఒక రోగికి ఊపిరి ఆడలేదు. ఆసుపత్రి సిబ్బంది 911కి ఫోన్ చేశారు. మనం ఇంట్లో ఎవరైనా పడిపోతే అంబులెన్సుకి చేసినట్టు, ఆసుపత్రి లోపల నుంచి. వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాక ఆయన చనిపోయారు. ఆ తర్వాత 2008లో ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఇలాంటి 109 ఆసుపత్రుల్ని పరిశీలిస్తే, దాదాపు సగానికే అత్యవసర విభాగం ఉంది, మూడింట రెండొంతులు అత్యవసర ఏర్పాట్లలో భాగంగా 911 మీద ఆధారపడుతున్నాయి, అన్ని వేళలా డాక్టరు ఉండేవి మూడో వంతు కూడా లేవు. 2010లో అమెరికా తెచ్చిన ఆరోగ్య సంస్కరణల చట్టంలో డాక్టర్ల యాజమాన్యంలో కొత్త ఆసుపత్రులకి మెడికేర్ తలుపు మూసేశారు. అది అవసరానికి మించిన మొరటు పని అని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు యాజమాన్యంలో ఎంత ఉందో వెనక దన్ను లేకపోవడంలో అంతకంటే ఎక్కువ ఉంది. కానీ ఆ కోపం ఎక్కణ్ణించి వచ్చిందో అర్థం చేసుకోగలను.

మా పెద్దమ్మకి మోకాలి కీలు మార్పిడి ఎముకల ప్రత్యేక ఆసుపత్రిలోనే చేయించారు. పేరు అనవసరం. ఆపరేషన్ అద్భుతంగా చేశారు, ఎక్స్‌రే చూసి మా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు కూడా మెచ్చుకున్నారు. రెండో రాత్రి ఆవిడకి గుండె లయ తప్పింది, ఆయాసం మొదలైంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఎముకల కోర్సు చదువుతున్నవాడు, పాపం భయపడిపోయాడు. ఫిజీషియన్ ఫోన్లో దొరికేసరికి చాలా సేపు పట్టింది. చివరికి అంబులెన్సులో వేరే ఆసుపత్రికి మార్చారు, కొత్త చోట మళ్ళీ అన్ని టెస్టులూ మొదటి నుంచీ, ఇంట్లో అందరికీ టెన్షన్. ఆవిడ కోలుకుంది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది వేరే ఉంది. ఆ ఎముకల ఆసుపత్రి లెక్కల్లో ఆవిడ కేసు "విజయవంతమైన ఆపరేషన్, రిఫర్" అని ఉంటుంది. ఒకవేళ ఆవిడ చనిపోయి ఉంటే, ఆ మరణం రెండో ఆసుపత్రి ఖాతాలో పడేది.

ఇదంతా చదివి నేను ప్రత్యేక ఆసుపత్రులకి వ్యతిరేకిని అనుకోవద్దు. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి చూడండి. ఉద్యోగ విరమణ తర్వాత, 58 ఏళ్ళ వయసులో, 1976లో గోవిందప్ప వెంకటస్వామి గారు 11 పడకలతో పెట్టిన ఆసుపత్రి అది. కంటిశుక్లం ఆపరేషన్‌ని ముక్కలుగా విడదీసి, డాక్టరు మాత్రమే చేయగలిగింది డాక్టరుకి, మిగతాది శిక్షణ ఇచ్చిన అమ్మాయిలకి అప్పగించారు. ఒక సర్జన్‌కి రెండు బల్లలు, ఒక దాని మీద చేస్తుండగానే రెండో దాని మీద తర్వాతి రోగి సిద్ధం. కంట్లో పెట్టే లెన్సు దిగుమతి ఖరీదు భరించలేక 1992లో ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారు చేసుకున్నారు. సగానికి పైగా రోగులకి ఉచితంగానో బాగా తక్కువకో చేసి కూడా నిలదొక్కుకున్నారు. ఇక్కడ ఖర్చు నిజంగా తగ్గింది, తేలికైన రోగిని ఏరుకోవడం వల్ల కాదు, పనిని అమర్చుకున్న తీరు వల్ల. పైగా వాళ్ళు ఊళ్ళల్లోకి వెళ్ళి, డబ్బు లేనివాళ్ళని, చూపు పూర్తిగా పోయినవాళ్ళని వెతికి మరీ తీసుకొచ్చారు. రోగుల్ని వడకట్టడానికి ఇది పూర్తిగా ఎదురు దారి.

కానీ అరవింద్ విజయాన్ని చూపించి గుండెకీ, కేన్సర్‌కీ, పక్షవాతానికీ అదే నమూనా పెడదాం అనేవాళ్ళు ఒకటి గమనించరు. శుక్లం ఆపరేషన్ ముందే తేదీ పెట్టుకుని చేసేది, చిన్న మత్తుతో కొద్ది నిమిషాల్లో అయిపోయేది, అయ్యాక ఐసీయూ అవసరం పడేది చాలా అరుదు. అంటే నేను పైన చెప్పిన రెండో సగం, కాపాడుకునే సగం, అక్కడ సహజంగానే చిన్నది. హెర్నియా కూడా అంతే. అలాంటి పనుల్ని విడిగా తీసి పెట్టొచ్చు, పెట్టాలి కూడా. గుండె ఆపరేషన్‌కి వచ్చే మనిషి గుండె ఒక్కటే వెంటబెట్టుకుని రాడు. వయసు పెరిగేకొద్దీ ఒకరికే నాలుగు జబ్బులు ఉండటం మామూలైపోయింది, వాళ్ళని నాలుగు ప్రత్యేక ఆసుపత్రులకి తిప్పితే నాలుగు మందుల చీటీలు వస్తాయి గానీ మొత్తం మనిషిని చూసే డాక్టరు ఎవరూ మిగలరు. నేను చదివే కేస్ షీట్లలో మందులు ఒకదానికొకటి పడక వచ్చిన ఇబ్బందులు ఎక్కువగా ఇలాంటివాళ్ళవే.

మరి రెండూ ఒకచోట కుదరవా? కుదురుతాయి, కుదిరిన చోట్లు ఉన్నాయి. జర్మనీలో హాంబర్గ్‌లో మార్టిని క్లినిక్ అని 2005లో మొదలైంది, ప్రొస్టేట్ కేన్సర్ తప్ప ఇంకేం చూడరు, ఏడాదికి 2000కు పైగా ఆపరేషన్లు. కానీ అది విడిగా ఊరవతల కట్టిన బిల్డింగు కాదు, హాంబర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. వెనక పెద్దాసుపత్రి దన్ను ఉంది. రోగి ఇంటికెళ్ళాక కూడా ఏళ్ళ తరబడి ప్రశ్నలు పంపి మూత్రం అదుపులో ఉందా, దాంపత్యం ఎలా ఉంది అని అడిగి, ఆ ఫలితాల్ని సర్జన్లు ఒకరి ముందు ఒకరు పెట్టుకుని చూసుకుంటారు. ఎవరి ఫలితం తగ్గితే వాళ్ళు పక్కవాళ్ళ దగ్గర నేర్చుకుంటారు. బృందం సన్నగా ఉంది, చుట్టూ ఆసుపత్రి వెడల్పుగా ఉంది.

ఇంకా పెద్ద ఉదాహరణ లండన్. పక్షవాతం వస్తే సగటున నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్క కట్టారు, అందుకని దగ్గరున్న ఆసుపత్రికే పరిగెత్తాలి అన్నది అందరి నమ్మకం. 2010లో లండన్ దానికి ఎదురు నడిచింది. దాదాపు 30 ఆసుపత్రుల్లో చూసే పక్షవాతం కేసుల్ని మొదటి గంటల్లో 8 కేంద్రాలకే తీసుకెళ్ళాలని పెట్టారు, నగరంలో ఎక్కణ్ణించైనా అంబులెన్సులో అరగంటలో చేరేలా. ఎనిమిదీ పెద్దాసుపత్రుల లోపలే. 24 గంటలూ స్కాన్, స్పెషలిస్టు. అదే ఏడాది గ్రేటర్ మాంచెస్టర్ కూడా మార్పు చేసింది గానీ సగం సగం, లక్షణాలు మొదలైన నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్ళనే ప్రత్యేక కేంద్రాలకి పంపారు. 2014లో ఫలితాలు వచ్చాయి. రెండు చోట్లా రోగులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. మరణాలు మాత్రం దేశంలో మిగతా చోట్ల కంటే ఎక్కువగా తగ్గింది లండన్‌లోనే, 90 రోజులకి 1.1 శాతం, 21 నెలల్లో 168 ప్రాణాలు. రెండు నగరాల మధ్య తేడా ఏమిటంటే లండన్‌లో అందర్నీ తీసుకున్నారు, మాంచెస్టర్‌లో కొందర్ని.

దూరం గురించి వచ్చే అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నగరంలో అరగంట సాధ్యం, ఊళ్ళు విసిరేసినట్టున్న చోట కాదు. కాన్పు, పెద్ద ప్రమాదం, గుండెపోటు లాంటివి దూరం పంపితే దారిలోనే పోతారు. అలాంటి చోట చిన్నాసుపత్రి అన్నీ కొద్దికొద్దిగా చేయగలగాలి, కష్టమైనది ఎప్పుడు పైకి పంపాలో తెలిసి ఉండాలి. క్లోమం కేన్సర్‌కి మాత్రం రెండు వారాలు ఆగి దూరం వెళ్ళినా నష్టం లేదు, ఆ డబ్బూ ప్రయాణమూ రోగి నెత్తిన వేయకుండా ఎవరో భరించాలి అంతే. జర్మనీలో 2004 నుంచి కాలేయ మార్పిడి, అన్నవాహిక, క్లోమం ఆపరేషన్లకి ఏడాదికి కనీసం ఇన్ని చేయాలని నియమం ఉంది, చాలా ఆసుపత్రులు ఏళ్ళ తరబడి దాన్ని పట్టించుకోలేదు. నియమం రాయడం తేలిక, తన ఊరి ఆసుపత్రిలో ఒక విభాగం మూయించడానికి ఏ నాయకుడూ ముందుకు రాడు.

ఇంకో అభ్యంతరం, పోటీ వస్తే సాధారణ ఆసుపత్రులు కూడా బాగుపడతాయి కదా అని. కొంత నిజమే, థియేటర్ సమయాలూ డిశ్చార్జి ఆలస్యాలూ పోటీ వస్తేనే సర్దుకుంటాయి, కళ్ళారా చూశాను. కానీ సాధారణ ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డు, మానసిక వైద్యం, అత్యవసర విభాగం ఎప్పుడూ నష్టాల్లోనే నడుస్తాయి, వాటిని మోసేది గుండె, ఎముకల విభాగాల ఆదాయం. ఆ రెండూ ఎగరేసుకుపోతే అర్ధరాత్రి యాక్సిడెంట్ అయినవాడు ఎక్కడికి వెళ్తాడు? ఆ ప్రత్యేక ఆసుపత్రి రోగులకే ఏదైనా అయితే వాళ్ళని ఎక్కడికి పంపుతారు? ఆ సాధారణ ఆసుపత్రికే. ఆ సిద్ధంగా ఉండటానికయ్యే ఖర్చులో వాళ్ళ వాటా వాళ్ళు కట్టాలి అనడం అన్యాయమేమీ కాదు.

కాబట్టి లెక్కల పద్ధతి మార్చడం దగ్గర మొదలుపెట్టమంటాను. ఆపరేషన్ ఎక్కడ జరిగిందో ఆ ఆసుపత్రి ఖాతాలోనే 30 రోజుల, 90 రోజుల మరణం పడాలి, రోగి ఎక్కడ చనిపోయినా సరే. ఎంతమందిని వేరే చోటికి మార్చారు, ఎందుకు, ఎన్ని గంటలకి అన్నది బయటపెట్టాలి. అడ్మిషన్ అడిగి వెనక్కి వెళ్ళినవాళ్ళ లెక్క కూడా, అది ఏ ఆసుపత్రీ ఇష్టంగా రాయదు, అందుకే తప్పనిసరి చేయాలి. ప్యాకేజీ రేటు జబ్బు తీవ్రతని బట్టి మారాలి. ఇవి జరిగేలోపు ఎవరైనా నన్ను అడిగితే, ఆపరేషన్‌కి ముందు మూడు విషయాలు కనుక్కోమంటాను. ఈ ఆపరేషన్ ఇదే బృందం ఏడాదికి ఎన్ని చేస్తుంది. రాత్రి రెండు గంటలకి ఆయాసం వస్తే మంచం దగ్గరికి వచ్చేది ఎవరు, ఎంతసేపట్లో. ఇక్కడ చూడలేనిది ఏదైనా వస్తే ఏ ఆసుపత్రికి మారుస్తారు, వాళ్ళతో ముందే రాతపూర్వక ఒప్పందం ఉందా. మొదటిదానికి అందరూ ఉత్సాహంగా జవాబు చెబుతారు. మిగతా రెండిటికీ తడుముకోకుండా చెప్పిన చోట చేయించుకోండి.